ఐస్‌క్రీం మూత వెనక రాసిన మాట

నోరీన్ ఎంట్విజిల్ పక్కన రెండు నిమిషాలు నిలబడితే చాలు, ఎంత గుట్టుగా ఉండే ఆడదైనా కడుపులో ఉన్నదంతా కక్కేసేది. నోరీన్ గుచ్చి గుచ్చి అడిగే రకం కాదు. మెడలో ఐస్‌క్రీం పళ్ళెం వేలాడేసుకుని, "అబ్బబ్బ, ఏం వానండీ ఇది" అనేది, అంతే. అవతలావిడ వానతో మొదలుపెట్టి, మోకాలి నొప్పుల మీదుగా, పోయిన మొగుడి దాకా తనంతట తనే వచ్చేసేది. బ్లాక్‌పూల్‌లో సముద్రపొడ్డున ఉన్న ఆల్బియన్ థియేటర్‌కి వచ్చిన జనానికి ఆమె ఐస్‌క్రీం అమ్మే ఆవిడగానే తెలుసు. ఆమె అసలు పని తెలిసినవాడు ఒక్కడే. వాడు సైలస్ వేన్.

మనుషుల మనసుల్ని చదివేస్తానని ఊరంతా నిలువెత్తు బొమ్మలు వేయించుకున్న పెద్దమనిషి ఈ సైలస్ వేన్. అసలు పేరు కెవిన్ రామ్స్‌బాటమ్. ఓల్డమ్‌లో కార్పెట్ల కొట్లో టేపు పట్టుకుని గదులు కొలిచేవాడు. ఇప్పుడు నల్ల కోటు, కళ్ళకు కాటుక, గొంతులో తెచ్చిపెట్టుకున్న జీర. చదవడం అతనికి నిజంగానే వచ్చు, కాదనను. కాకపోతే అతను చదివినవి మనసులు కాదు, నోరీన్ పంపిన మూతలు.

ఆట మొదలవడానికి గంట ముందే జనం బయట వరసలో నిలబడేవారు. నోరీన్ వాళ్ళ మధ్య తిరుగుతూ, ఎవరు ఏ సీటో టికెట్ మీద ఓరకంట చూసుకుంటూ, కబుర్లన్నీ మనసులో పెట్టుకునేది. ఆట సగంలో విరామం. అప్పుడు ఐస్‌క్రీం అమ్మాలి. అమ్మే ముందు ఒక డబ్బా అట్ట మూత ఊడదీసి, లోపలివైపు పెన్సిలుతో సీటు నంబరు, పేరు, ఒక్క ముక్క విషయం రాసి, మళ్ళీ మూసి, కెవిన్ గదికి స్వయంగా తీసుకెళ్ళేది. వేన్ గారికి ఐస్‌క్రీం లేనిదే రెండో సగం నడవదని థియేటర్లో అందరూ జోకులేసుకునేవారు. ఆయన మూత నాకి, చదివి, నలిపి పారేసేవాడు.

రెండో సగంలో ఆ సీటు దగ్గరికే నేరుగా వెళ్ళడు, అంత తెలివితక్కువవాడు కాడు. ముందు హాలంతటినీ చేతులు అల్లుకోమంటాడు. "గట్టిగా... ఇంకా గట్టిగా... ఇక మీరు విడదీసుకోలేరు" అంటాడు. చాలామంది విడదీసుకుంటారు. పదిమంది మాత్రం వేళ్ళు బిగుసుకుపోయి బిక్కమొహాలు వేస్తారు. ఏం చెప్పినా నమ్మేసే ఆ పదిమందే అతనికి కావలసినవాళ్ళు. వాళ్ళలో మూత మీది మనిషి ఉందంటే పండగే. ఆమెను వేదిక మీదకు తీసుకొచ్చి, మణికట్టు పట్టుకుని, హాలంతా వినేలా ఒకే ప్రశ్న వేసేవాడు.

"అమ్మా, మనమిద్దరం ఇంతకు ముందెప్పుడైనా మాట్లాడుకున్నామా?"

"లేదండీ" అనేది ఆవిడ. అబద్ధం కాదు. ఆమె మాట్లాడింది ఐస్‌క్రీం అమ్మే మనిషితో. అలాంటివాళ్ళతో మాట్లాడినట్టు ఎవరికి గుర్తుంటుంది?

పదిహేనేళ్ళు నోరీన్ ఈ పని చేసింది. తప్పని ఆమెకు అనిపించలేదా అంటే, మొదట్లో అనిపించలేదు. జనం ఏడ్చేవారు, నవ్వేవారు, వెళ్తూ వెళ్తూ ఇంకో టికెట్ కొనుక్కునేవారు. భర్త హెరాల్డ్ ట్రాము కండక్టరు, పెళ్ళయిన ఏడో ఏటనే గుండె ఆగి పోయాడు. పిల్లల్లేరు. తన మాటకు ఒక విలువ ఉందని చెప్పిన మొదటి మనిషి ఆ కెవినే. ఎవరైనా మెచ్చుకుంటే మనం ఎంత గుడ్డివాళ్ళమవుతామో చెప్పక్కర్లేదు.

ఉద్యోగం బ్లాక్‌పూల్‌లో అయినా నోరీన్ ఇల్లు ట్రాము చివరి స్టాపు ఫ్లీట్‌వుడ్‌లో. పుట్టింది అక్కడే. తండ్రి ఐస్‌లాండ్ వైపు చేపలకు వెళ్ళే ఓడలో పనివాడు. ఆ వీధుల్లో కొన్ని పద్ధతులుండేవి. మగవాడు సముద్రానికి బయల్దేరే రోజున ఆ ఇంట్లో బట్ట తడవకూడదు. ఆ రోజు ఉతికితే మనిషిని చేజేతులా నీళ్ళలో ముంచినట్టే. రేవుదాకా వెళ్ళి సాగనంపకూడదు, చెయ్యి ఊపకూడదు. గుమ్మంలోనే ముఖం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోవాలి. నోరీన్ ఏడేళ్ళప్పుడు కిటికీలోంచి నాన్నకు చెయ్యి ఊపింది. వాళ్ళమ్మ చెంప పగలగొట్టింది. తండ్రి క్షేమంగా తిరిగొచ్చినా ఆ దెబ్బ మాత్రం ఆమెకు జీవితాంతం గుర్తుంది.

రెండిళ్ళ అవతల ఆల్మా గ్రిమ్‌షా ఉండేది. నోరీన్‌కు ఉన్న ఒకే ఒక్క స్నేహితురాలు. ఆల్మా భర్త విల్ఫ్ ఎక్కిన ఓడ పంతొమ్మిది వందల డెబ్భై ఒకటి డిసెంబరులో పద్నాలుగు మందితో మునిగిపోయింది. ఒక్క శవం కూడా దొరకలేదు. శవం దొరకని ఆడవాళ్ళ దుఃఖం వేరేగా ఉంటుంది, దానికి ముగింపు ఉండదు. ఆల్మా సాయంత్రం కాగానే గుమ్మం మీద దీపం వేసేది, తెల్లారాక ఆర్పేది. విల్ఫ్ ఆమెను "పిచ్చుకా" అని పిలిచేవాడు. ఆ సంగతి ఆమె ఒక్క నోరీన్‌కే, ఒకరోజు టీ తాగుతూ చెప్పుకుంది.

అయినా బతుకు కొద్దికొద్దిగా కదులుతూనే ఉంది. వలలు బాగుచేసే టెడ్ హాల్సల్ అనే పెద్దమనిషి, నెమ్మదస్తుడు, ఆల్మాను పెళ్ళి చేసుకుంటానన్నాడు. ఎనభై ఆరు వేసవిలో ఆల్మా దాదాపు ఒప్పుకున్నట్టే. "దీపం తీసేస్తానే నోరీన్. ఇంక చాల్లే" అని కూడా అంది.

సరిగ్గా ఆ వారంలోనే ఆల్మా సరదాపడిందని నోరీన్ ఆమెకు ఒక టికెట్ ఇప్పించింది. మంగళవారం మధ్యాహ్నం ఆట. కుండపోతగా వాన. వరసలో జనం గొడుగుల కింద నోళ్ళు బిగించుకుని నిలబడ్డారు, ఒక్కరి నుంచీ ఒక్క ముక్క రాలలేదు. విరామంలో కెవిన్ తన గదిలో బుసలు కొడుతున్నాడు.

"ఏంటి, మూత ఖాళీయా? నన్ను వేదిక మీదకి బట్టల్లేకుండా పంపిస్తావా?"

"ఎవరూ నోరు విప్పలేదు కెవిన్, నేనేం చేసేది?"

"నీకు తెలిసినవాళ్ళు ఒక్కళ్ళూ లేరా హాల్లో? ఆలోచించు. బుర్ర ఉంది కదా, వాడు."

నోరీన్ ఆలోచించింది. ఆ ఆలోచనకు ఎంతసేపు పట్టిందో తర్వాత ఎన్నోసార్లు గుర్తు చేసుకుంది. పెన్సిలు చెక్కుకునేంతసేపు కూడా పట్టలేదు. ఆల్మా సంతోషిస్తుంది కదా అనుకుంది. సీటు నంబరు రాసి, "ఆల్మా. భర్త విల్ఫ్, సముద్రంలో పోయాడు. పిచ్చుకా అని పిలిచేవాడు. గుమ్మం దీపం" అని రాసింది.

ఆల్మా చేతులు గట్టిగా బిగుసుకుపోయాయి. కెవిన్ ఆమెను వేదిక మీదకు తెచ్చాడు, మణికట్టు పట్టుకున్నాడు, ఇంతకు ముందు మాట్లాడుకున్నామా అని అడిగాడు, లేదంది. "నేను దయ్యాలతో మాట్లాడను. మీ మనసులో ఒక మనిషి ఉన్నాడు, అతనికి నేను నోరు మాత్రమే" అన్నాడు. అంతవరకూ రోజూ చెప్పే మాటే. తర్వాత కళ్ళు మూసుకుని, గొంతు తగ్గించి, తన సొంత కవిత్వం ఒకటి కలిపాడు.

"దీపం ఆర్పకు పిచ్చుకా. వస్తున్నాను."

హాలంతా వెక్కిళ్ళు. నోరీన్ ఐస్‌క్రీం పళ్ళెంతో వెనక నిలబడి వింది. ఆ మాట ఆమె రాయలేదు. ఇంటికి వెళ్ళే ట్రాములో ఆల్మా ముఖం వెలిగిపోతోంది.

"విన్నావటే? పిచ్చుకా అన్నాడు. లోకంలో ఎవరికి తెలుసు ఆ మాట?"

ఎవరికి తెలుసో ఆమెకు గుర్తే లేదు. నోరీన్ కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చుంది. ఆ ఆదివారమే ఆల్మా టెడ్‌కి కుదరదని చెప్పేసింది. దీపం తీయలేదు సరికదా, ఇంకా పెద్దది పెట్టించింది. ఇంకో ఎనిమిదేళ్ళు రోజూ ఆ దీపం నోరీన్ కిటికీలో పడుతూనే ఉంది. తెరలు మందంగా కుట్టించుకుంది గానీ, నోరు తెరిచి నిజం చెప్పలేకపోయింది. పిరికితనానికి ఇంకో పేరు పెట్టడం నాకు చేతకాదు.

తొంభై నాలుగులో కెవిన్ దశ తిరిగింది. టీవీ వాళ్ళు శనివారం సాయంత్రం ఆల్బియన్ నుంచే అతని ఆటను నేరుగా దేశమంతా చూపిస్తామన్నారు. చెవిలో చిన్న యంత్రం పెట్టి కావలసిన కబుర్లు అందిస్తామని కూడా అన్నారు. కెవిన్ వద్దన్నాడు. తన గుట్టు టీవీ వాళ్ళకు తెలియడం అతనికి ఇష్టం లేదు. మూత చాలన్నాడు. నోరీన్‌ను గదికి పిలిచి, కుర్చీ కూడా చూపించకుండా చెప్పాడు.

"ఆట చివర్లో నీ ఆల్మా కావాలి. ఎనిమిదేళ్ళ క్రితం పిచ్చుకా అనగానే హాలు హాలంతా కరిగిపోయింది, గుర్తుందా? ఈసారి వాళ్ళాయన వెళ్ళిన రోజు పొద్దున ఏం జరిగిందో కావాలి. ఆవిడ ఏం చేసింది, ఆయన ఏం వేసుకున్నాడు, అన్నీ."

"ఆమెను వదిలెయ్ కెవిన్. ఇంకెవర్నైనా తెచ్చిస్తా."

"టీవీ వాళ్ళు కారు పంపిస్తున్నారమ్మా. మీ వీధి ఆడవాళ్ళకి రెండు వరసలు టికెట్లు కూడా పంపారు. అయిపోయింది."

నోరీన్‌కు ఇంకో సంగతి తెలుసు. టెడ్ ఈ మధ్య మళ్ళీ అడిగాడు. ఆల్మా ఈసారి కాదనలేదు. "టీవీలో విల్ఫ్‌నే అడుగుతాను. వద్దంటే వద్దు, సరే అంటే సరే" అంది. అంటే ఆ మనిషి మిగిలిన బతుకంతా ఇప్పుడు కెవిన్ నాలుక చివర ఉంది.

"అయితే ఒక్క పని చెయ్యి" అంది నోరీన్. "ఆమె పెళ్ళి సంగతి అడుగుతుంది. చేసుకో అని చెప్పు. వాళ్ళాయన చెప్పినట్టే చెప్పు. నీకేం పోయింది?"

కెవిన్ అద్దంలో చూసుకుంటూ కాటుక దిద్దుకున్నాడు.

"చేసుకో అంటే జనం చప్పట్లు కొడతారు. నా కోసం ఆగు అంటే ఏడుస్తారు. టీవీకి ఏడుపే కావాలి నోరీన్."

"ఆవిడ మనిషిరా! ఎనిమిదేళ్ళు పోగొట్టావు చాలదా?"

"నేనా? మొదటి మూత రాసిందెవరు? కావాలంటే ఆల్మా గారికి ఆ సంగతి చెప్పనా? నాకేం అభ్యంతరం లేదు."

నోరీన్‌కు ఒళ్ళంతా మండిపోయింది. అయినా తలుపు మెల్లగా వేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు ఆల్మా వంటింట్లో కూర్చుని ధైర్యం చేసింది. ఆల్మా కొత్త గౌనుకు ఇస్త్రీ చేస్తోంది.

"వాడిదంతా మోసమే ఆల్మా. ముందే జనం దగ్గర కూపీ లాగుతారు."

"ఎలా లాగుతారే? నేనతనితో అంతకు ముందు ఒక్క ముక్క మాట్లాడలేదుగా! నలుగురి ముందూ అదే చెప్పాను."

"అతనితోనే మాట్లాడక్కర్లేదు..."

"మరెవరితో?"

ఆల్మా ఇస్త్రీ పెట్టె పైకెత్తి పట్టుకుని సూటిగా చూసింది. నాతో, అనాలి. ఒక్క మాట. నోరీన్ టీ కప్పు వైపు చూసింది.

"ఎవరో ఒకరితో" అంది.

"నీకు కుళ్ళే నోరీన్. హెరాల్డ్ నీకెప్పుడూ ఏ కబురూ పంపలేదని నీకు కుళ్ళు." అని మళ్ళీ తనే నొచ్చుకుంది. "సర్లే, టీ చల్లారిపోతోంది, తాగు."

నోరీన్ ఆ టీ తాగింది. ఇంటికెళ్ళాక, ఇక మూతతోనే కెవిన్‌ని దెబ్బకొట్టాలని నిశ్చయించుకుంది. కెవిన్ ఓల్డమ్ వాడు, సముద్రం లేని ఊరు. సముద్రమంటే అతనికి ఇసుకలో కూర్చుని చిప్స్ తినే చోటు. చేపల ఓడల వీధుల్లో ఆడవాళ్ళు ఏ రోజు ఏం చేయరో అతనికేం తెలుసు? మూత మీద ఏది రాస్తే అది చదివే మనిషి, పదిహేనేళ్ళలో ఒక్కసారి కూడా సరిచూసుకోలేదు. ఆల్మా నవ్వేస్తుంది, రెండు వరసల ఆడవాళ్ళూ నవ్వుతారు, దేశమంతటి ముందూ వాడి బండారం బయటపడుతుంది. తన పేరు ఎక్కడా రాదు. అలా అనుకుంది నోరీన్.

శనివారం సాయంత్రం ఆరున్నర. హాలంతా దీపాలు, తీగలు, కెమెరాలు. మధ్యలో ప్రకటనల విరామం రాగానే నోరీన్ డబ్బా తీసుకెళ్ళి ఇచ్చింది. కెవిన్ మూత నాకి చదివాడు. "వెళ్ళే రోజు పొద్దున అతని నీలం ఉన్ని స్వెట్టర్ ఉతికి తీగ మీద ఆరేసింది. రేవుకు వెళ్ళి ఓడ కనుమరుగయ్యేదాకా చెయ్యి ఊపింది."

"బంగారం" అన్నాడు కెవిన్. మూత నలిపి జేబులో వేసుకున్నాడు.

ఆల్మా వేదిక మీదకు వచ్చింది. కొత్త గౌను, చేతిలో చిన్న సంచీ. కెవిన్ మణికట్టు పట్టుకుని, పాత సంగతి జనానికి చెప్పి, అదే ప్రశ్న వేశాడు.

"ఆ రోజు కాక, మనమిద్దరం ఎప్పుడైనా మాట్లాడుకున్నామా?"

"లేదండీ. కానీ ఇవాళ నేనొకటి అడగాలండీ ఆయన్ని."

"అడుగుదురుగాని. ముందు ఆయన చెప్పేది వినండి." కెవిన్ కళ్ళు మూశాడు. "చల్లటి పొద్దు... నీలం స్వెట్టర్... మీరది ఉతికి తీగ మీద వేశారు. అది ఊగుతుంటే ఆయన చూశాడు. మీరు రేవు మీద నిలబడి చెయ్యి ఊపారు. ఆ చెయ్యి నాకింకా కనిపిస్తోంది పిచ్చుకా, అంటున్నాడు."

ఎవరూ నవ్వలేదు.

ముందు రెండు వరసల్లో ఆడవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఆ ఆడవాళ్ళలో నలుగురి మగవాళ్ళు కూడా అదే ఓడలో పోయారని నోరీన్‌కు అప్పుడు గుర్తొచ్చింది. ఆ మూత రాసేటప్పుడు ఎందుకు గుర్తు రాలేదో ఆ దేవుడికే తెలియాలి. పెగ్ రైటన్ అనే ముసలావిడ, కొడుకును పోగొట్టుకున్న మనిషి, కుర్చీలోంచి ముందుకు వంగి ఆల్మా వైపు చూసింది. అది జాలి చూపు కాదు.

"ఉతికిందా?" అని పక్కావిడ గుసగుసగా అడగడం వినిపించింది.

"నేను ఉతకలేదు" అంది ఆల్మా. "ఆ రోజు ఎందుకు ఉతుకుతాను? ఎవరైనా ఉతుకుతారా?"

ఏదో గట్టిగా తగిలిందని కెవిన్‌కు తెలిసిపోయింది. ఏం తగిలిందో మాత్రం తెలియలేదు. హాల్లో మారిన ముఖాలు చూశాడు, కెమెరా దగ్గరికి జరగడం చూశాడు, ఇక వదల్లేదు. ఆ మనిషికి నిజంగా వచ్చిన విద్య అదొక్కటే.

"మనసు మోయలేని దాన్ని దాచేస్తుంది ఆల్మా గారూ. ఇరవై మూడేళ్ళుగా దాచింది. ఫరవాలేదు, నేనున్నాను. కళ్ళు మూసుకోండి. చేతులు అల్లుకోండి. ఇంకా గట్టిగా. ఇప్పుడు చెప్పండి, వేళ్ళకి తడి ఉన్ని తగులుతోందా, సబ్బు తగులుతోందా?"

"లేదు..."

"తొందరలేదు. ఏది ముందు తగిలితే అదే. ఉన్నియా, సబ్బా?"

ఆల్మా అల్లుకున్న వేళ్ళను ఇంకా బిగించింది. 

"సబ్బు" అంది చివరికి, చిన్నపిల్ల గొంతుతో. "అయ్యో... ఉతికానా? నేనే ఉతికానా?"

ముందు వరసలో ఎవరో గట్టిగా ఏడవడం మొదలుపెట్టారు. పద్నాలుగు మందినీ తానే ముంచేశానని ఆ మనిషి కళ్ళ ముందే నమ్మేస్తోంది. కెవిన్ ఆమె భుజం మీద చెయ్యి వేసి కెమెరా వైపు తిరిగాడు. వాడి ముఖంలో తృప్తి నోరీన్‌కు దూరం నుంచే కనిపించింది.

ఆమె మెడలోంచి పళ్ళెం ఊడదీసి కింద పడేసింది. డబ్బాలు దొర్లుకుంటూ వెళ్ళాయి.

"ఉతకలేదు ఆల్మా!" అని అరిచింది. "నువ్వేమీ ఉతకలేదు! అది నేను రాశాను! మూత మీద నేనే రాసిచ్చాను వాడికి, వాడి జేబులోనే ఉంది, తీసి చూడు! అబద్ధం కావాలని రాశాను!"

టీవీ మనిషి ఒకడు చెయ్యి అడ్డం పెడితే తోసేసి వేదిక అంచు దాకా వచ్చేసింది. కెవిన్ నవ్వాడు. "ఐస్‌క్రీం ఆవిడకి ఒంట్లో బాగున్నట్టు లేదు" అన్నాడు. జనంలో కొందరు నవ్వారు కూడా.

"ఒరే కెవిన్ రామ్స్‌బాటమ్, నోర్ముయ్!" అంది నోరీన్.

ఆల్మా కళ్ళు తెరిచింది. అల్లుకున్న వేళ్ళు ఒక్కొక్కటే విడదీసుకుంది. భుజం మీది కెవిన్ చేతిని తోసేసి, అతని కోటు జేబులో చెయ్యి పెట్టి, నలిగిన మూత బయటకు తీసి చదివింది. నోరీన్ రాత ఆమెకు బాగా తెలుసు. ఎన్నేళ్ళుగా పాలవాడికి రాసిపెట్టే చీటీల్లో చూసిందే.

"పిచ్చుకా?" అని అడిగింది. "అది కూడానా?"

"అది కూడా నేనే."

"దీపం?"

"దీపం సంగతి నేనే చెప్పాను. ఆర్పొద్దన్న మాట నాది కాదు ఆల్మా, ఒట్టు. అది వాడు కల్పించాడు. విల్ఫ్ నీకు ఏమీ చెప్పలేదు. ఎప్పుడూ ఏమీ చెప్పలేదు."

ఆల్మా ఆ మూతను మళ్ళీ మడిచి తన సంచీలో పెట్టుకుంది. ఏడవలేదు. కెవిన్ ఏదో అనబోయాడు గానీ అప్పటికే ఇళ్ళలో టీవీల మీద సబ్బు ప్రకటన వస్తోంది. ఆల్మా వేదిక దిగి, నోరీన్ పక్కనుంచే, ఆమె వైపు చూడకుండా నడిచి వెళ్ళింది. పెగ్ రైటన్ లేచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

కెవిన్‌కు ఏమైందని అడుగుతారేమో. ఏమీ కాలేదు. రెండు రోజుల తర్వాత పేపర్లలో, అదంతా ముందే అనుకున్న ప్రయోగమని, మనిషి మనసులో లేని జ్ఞాపకాన్ని ఎంత తేలిగ్గా నాటవచ్చో దేశానికి చూపించానని, ఐస్‌క్రీం ఆవిడ కూడా తన ఆటలో భాగమేనని చెప్పుకున్నాడు. జనం ముక్కున వేలేసుకున్నారు, ఎంత తెలివైనవాడో అన్నారు. ఆ మరుసటి ఏడు లండన్‌లో పెద్ద హాలే దొరికింది. ఇలాంటివాళ్ళు మునగరు, వాళ్ళ చుట్టూ ఉన్నవాళ్ళే మునుగుతారు. నోరీన్‌ను మాత్రం సోమవారం ఉదయమే పనిలోంచి తీసేశారు.

ఆల్మా ఏప్రిల్‌లో టెడ్ హాల్సల్‌ను పెళ్ళి చేసుకుంది. పెళ్ళికి వీధి మొత్తాన్ని పిలిచారు. నోరీన్‌ను పిలవలేదు. అంతకు చాలా ముందే, ఆ శనివారం తర్వాతి రోజునే, టెడ్ నిచ్చెన వేసుకుని గుమ్మం మీది దీపాన్ని విప్పేయడం నోరీన్ తన కిటికీలోంచి చూసింది. మందపాటి తెరలు కూడా తీసేసింది, ఇక వాటి అవసరం లేదు. రెండుసార్లు వెళ్ళి ఆల్మా తలుపు తట్టింది. లోపల రేడియో ఆగింది, అడుగుల చప్పుడు వినిపించింది, తలుపు తెరుచుకోలేదు. మూడోసారి వెళ్ళలేదు.

ఆ ఏడు శరత్తులో చర్చి హాల్లో పాత బట్టల అమ్మకం పెట్టారు. కొత్తగా వచ్చిన పాస్టరు గారి భార్య, ఊరు తెలియని చక్కటి పిల్ల, బల్లల దగ్గర ఆడవాళ్ళను సర్దుతోంది. పిల్లల స్వెట్టర్లున్న బల్ల దగ్గర నోరీన్‌ను నిలబెట్టి, అటుగా వస్తున్న ఆల్మాను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"మీరు ఇక్కడ నిలబడండి హాల్సల్ గారూ. మీరిద్దరూ ఒకే వీధి కదా? బాగా పరిచయమే అయి ఉంటుంది."

ఆల్మా నోరీన్ ముఖంలోకి చూసింది. ఏడాదిలో మొదటిసారి. కోపం లేదు ఆ చూపులో, ఉంటే బాగుండేదని నోరీన్ అనుకుంది.

"లేదమ్మా" అంది ఆల్మా. "మేమిద్దరం ఇంతకు ముందెప్పుడూ మాట్లాడుకోలేదు."

పాస్టరు గారి భార్య నవ్వుతూ నోరీన్ వైపు తిరిగింది, నిజమేనా అన్నట్టు. వందల ఆడవాళ్ళు వేదిక మీద నిలబడి ఆ ప్రశ్నకు చెప్పిన జవాబు నోరీన్‌కు కంఠతా వచ్చు. ఒక నీలం స్వెట్టర్‌ను మడత పెడుతూ తల అడ్డంగా ఊపింది.

"లేదండీ" అంది.